కిన్‌త్సుగి: పగిలిన పాత్రను అతికే జపాన్ విద్య గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పగిలిన పింగాణీ గిన్నె, దాని అతుకుల వెంట మెరుస్తున్న బంగారు గీతలు, కింద ఏదో ఒక ఓదార్పు వాక్యం: కిన్‌త్సుగి మనలో చాలామందికి ఈ రూపంలోనే పరిచయమయింది. ఆ వాక్యాల వెనుక ఉన్న అసలు పని ఏమిటి, దాన్ని ఎవరు, ఎందుకు, ఎలా చేశారు అన్న సందేహాలు కలిగినవారి కోసం ఈ ప్రశ్నలు, జవాబులు.

కిన్‌త్సుగి అన్న మాటకు అర్థం ఏమిటి?

జపాన్ భాషలో ‘కిన్’ అంటే బంగారం, ‘త్సుగి’ అంటే అతుకు. ‘త్సుగు’ అనే క్రియాపదానికి అతకడం అన్న అర్థంతో పాటు వారసత్వంగా అందుకోవడం, కొనసాగించడం అన్న అర్థం కూడా ఉంది. తండ్రి వృత్తిని కొడుకు అందుకోవడానికీ అదే క్రియను, అదే లిపిచిహ్నంతో రాస్తారు. ఈ పనికి ‘కిన్‌త్సుకురోయి’ అనే మరో పేరు కూడా ఉంది. త్సుకురోయి అంటే బాగుచేయడం. చిరిగిన బట్టను కుట్టి సరిచేయడానికి కూడా ఆ మాటే వాడతారు.

పగిలిన ముక్కలను కరిగించిన బంగారంతో అతుకుతారా?

లేదు. అందరూ మొదట పొరబడేది ఇక్కడే. ముక్కలను పట్టి ఉంచేది ‘ఉరుషి’ అనే చెట్టు నుంచి కారే సొన. దాన్ని గోధుమపిండితో కలిపితే జిగురు అవుతుంది, మెత్తని మట్టిపొడితో కలిపితే పూడ్చే ముద్ద అవుతుంది, వడకట్టి రంగు కలిపితే పైపూత అవుతుంది. అతుకు పూర్తిగా గట్టిపడి, నునుపు తేలిన తర్వాత చిట్టచివరి పూత ఇంకా తడితడిగా ఉన్నప్పుడు దాని మీద బంగారు పొడిని చల్లుతారు. కంటికి కనిపించేది ఆ పల్చని పొర మాత్రమే. బంగారం లేకపోయినా పాత్ర అతుక్కునే ఉంటుంది, ఉరుషి లేకపోతే బంగారం నిలవదు. అందువల్ల దీన్ని కంసాలి పనిగా గాక ఉరుషి పనివారి విద్యగా చూడాలి. పెట్టెల మీద, భరిణెల మీద బంగారు పొడి చల్లి చిత్రాలు తీర్చే ‘మకియె’ కళాకారుల చేతిలోనే ఇది పెరిగింది.

ఉరుషి అంటే మన లక్కేనా?

కాదు. ఇంగ్లీషులో రెండింటికీ దగ్గరి పేర్లు ఉండడం వల్ల ఈ గందరగోళం ఏర్పడింది. ఏటికొప్పాక బొమ్మలకు తరిణి మీద పట్టించే లక్క ఒక పురుగు స్రవించే పదార్థం. వేడికి కరుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. ఉరుషి చెట్టు సొన. గాలిలోని తేమతోనూ ప్రాణవాయువుతోనూ రసాయనికంగా మారి గట్టిపడుతుంది. గట్టిపడిన తర్వాత వేడినీటికి, నూనెకు, ఆమ్లాలకు, మద్యానికి లొంగదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు మాత్రం క్రమంగా కాంతి కోల్పోతుంది.

ఆ చెట్టుకు మనతో బంధుత్వం లేకపోలేదు. మామిడి, జీడిమామిడి, నల్లజీడి చెట్లు ఉన్న కుటుంబానికే ఉరుషి చెట్టు కూడా చెందుతుంది. బట్టల మీద గుర్తులు పెట్టడానికి మన చాకళ్ళు వాడిన నల్లజీడి రసం నల్లగా, చెరగకుండా నిలిచిపోవడానికీ, చర్మం మీద పడితే పొక్కడానికీ కారణమైన పదార్థాలు ఉరుషిలోని ‘ఉరుషియోల్’ అనే పదార్థానికి దగ్గరి చుట్టాలే. అంతే కాదు, జీడిగింజ పెంకు నుంచి తీసిన నూనెతో తయారైన పూతను ఉరుషికి చవకైన ప్రత్యామ్నాయంగా జపాన్‌లో చాలా కాలంగా వాడుతున్నారు. పలాసలో జీడిగింజలు ఒలిచే ఆడవారి వేళ్ళను కాల్చే నూనె అదే.

ఈ సొన ఎక్కడి నుంచి వస్తుంది?

పది పదిహేనేళ్ళు పెంచిన చెట్టు కాండానికి వేసవి మొదలు నుంచి శరదృతువు దాకా కొన్ని రోజులకోసారి అడ్డంగా గాట్లు పెట్టి, ఊరిన సొనను గరిటెతో గీకి తీస్తారు. ఒక చెట్టు నుంచి ఆ కాలమంతా కలిపి వచ్చేది సుమారు 200 గ్రాములే. జపాన్‌లో ఎక్కువగా పాటించే పద్ధతిలో ఆ ఏడాదితో చెట్టును నరికేస్తారు, వేరు నుంచి మళ్ళీ పిలకలు వస్తాయి. దేశీయ ఉరుషిలో అధిక భాగం ఇవాతె ప్రాంతంలోని జోబోజి నుంచి వస్తుంది. అయినా జపాన్ వాడకంలో ఎక్కువ వాటా చైనా నుంచి దిగుమతి అయ్యేదే.

తేమలో ఆరుతుందంటే ఎలా?

ఉరుషి ఆరడమంటే అందులోని నీరు ఆవిరైపోవడం కాదు. సొనలో లాకేజ్ అనే ఎంజైము ఉంటుంది. గాలిలో తగినంత తేమ, గోరువెచ్చదనం ఉన్నప్పుడే అది పనిచేసి ఉరుషియోల్ అణువులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. అందుకే పనివారు ‘మురో’ అనే చెక్క అరను తడిబట్టతో తేమగా ఉంచి, సుమారు 70 నుంచి 85 శాతం తేమలో, 20 నుంచి 30 డిగ్రీల వేడిలో పాత్రను అందులో పెడతారు. ఉతికిన బట్టలు ఆరని ముసురు రోజుల్లో ఉరుషి చక్కగా ఆరుతుంది. ఎండాకాలపు పొడిగాలిలో రోజుల తరబడి జిగటగానే ఉండిపోతుంది. తేమ మరీ ఎక్కువై, పూత మందంగా ఉంటే పైభాగం ముందే బిగుసుకుని ముడతలు పడుతుంది. అనుభవం ఉన్న పనివాడు ఆనాటి వాతావరణాన్ని చూసి పూత మందం నిర్ణయించుకుంటాడు.

ఉరుషి విషమా?

తడి ఉరుషి చాలామందికి చర్మం మీద తీవ్రమైన దద్దుర్లు తెస్తుంది. తగిలిన వెంటనే ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజుల తర్వాత దురద, ఎర్రదనం, నీటిపొక్కులు మొదలై వారం రెండు వారాలు బాధిస్తాయి. మామిడికాయ సొనకు మూతి పొక్కే అలవాటు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, రెండూ ఒకే తీరు ప్రతిచర్యలు. చేతులకు నైట్రైల్ తొడుగులు, మోచేతుల దాకా బట్ట తప్పనిసరి. చర్మానికి అంటుకుంటే ముందు వంటనూనెతో తుడిచి, ఆ తర్వాతే సబ్బుతో కడుక్కోవాలి. పొక్కులు ముఖానికి పాకినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా ఇంటి వైద్యం మాని డాక్టరును కలవాలి. పూర్తిగా గట్టిపడిన ఉరుషి మాత్రం నిరపాయకరం. జపాన్‌లో శతాబ్దాలుగా పులుసు గిన్నెలకు, చాప్‌స్టిక్‌లకు పూస్తున్నది దాన్నే.

పని ఏ క్రమంలో సాగుతుంది? ఎన్నాళ్ళు పడుతుంది?

మొదట ముక్కల అంచులను ఆకురాయితో చాలా స్వల్పంగా అరగదీస్తారు. అంచు మరీ పదునుగా ఉంటే ఉరుషికి పట్టు దొరకదు. ఆ అంచులకు పచ్చి ఉరుషి పట్టించి తుడిచి ఆరనిస్తారు. తర్వాత గోధుమపిండిని నీటితో తడిపి, పచ్చి ఉరుషితో కలిపి, పైకి లాగితే తీగలు సాగేంత వరకు నూరుతారు. ‘ముగి ఉరుషి’ అనే ఆ జిగురును రెండు అంచులకూ పల్చగా రాసి, కాసేపు ఆగి, ముక్కలను గట్టిగా ఒత్తి కట్టి మురోలో పెడతారు. ముక్కలను కలిపే ఈ ఒక్క ఘట్టానికే రెండు వారాలో అంతకు మించో పడుతుంది. తొందరపడి ముందే తీస్తే పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చిగా ఉంటుంది. ఆ తప్పు పాత్రను కడిగేటప్పుడు బయటపడుతుంది.

అతుకు గట్టిపడ్డాక పైకి పొంగిన జిగురును గీకేసి, మిగిలిన సన్నని గాడిని ‘సబి ఉరుషి’తో పూడుస్తారు. ఇది మెత్తని మట్టిపొడి, నీరు, పచ్చి ఉరుషి కలిపిన ముద్ద. లోతైన గంటు అయితే చెక్కపొడి కలిపిన మరో ముద్ద వాడతారు. ఆరాక తడిపి అరగదీస్తారు. దాని మీద సన్నని కుంచెతో నల్ల ఉరుషి పూసి, ఆరనిచ్చి, బొగ్గుతోనో తడిపి వాడే గరుకు కాగితంతోనో రుద్ది, మళ్ళీ పూస్తారు. వేలితో తడిమితే అతుకు ఎక్కడుందో తెలియనంత వరకు ఇది సాగుతుంది. చూసేవారికి కనిపించకుండా పోయే ఈ భాగంలోనే పనివాడి నేర్పు తేలుతుంది.

అప్పుడు ఐరన్ ఆక్సైడ్ కలిపిన ఎర్ర ఉరుషితో అతుకు వెంట ఒక పల్చని గీత గీస్తారు. అది ఆరీ ఆరని స్థితికి వచ్చే క్షణం కోసం కాచుకుని, పట్టుదూదితోనో వెదురు గొట్టంతోనో బంగారు పొడి చల్లుతారు. గీత మరీ తడిగా ఉంటే పొడి మునిగిపోయి మెరుపు పోతుంది, ఆరిపోతే పొడి అంటుకోదు. కింద ఎరుపు ఉండడం వల్ల బంగారానికి వెచ్చని ఛాయ వస్తుంది. వెండికైతే నల్ల పూత వేయడం వాడుక. చివరగా పొడి మీద పల్చని ఉరుషి పట్టించి స్థిరపరచి, గోమేధిక జాతి రాయితోనో, పాత పద్ధతిలో తాయి అనే సముద్రపు చేప పంటితోనో మెరుగుపెడతారు. ఒక చిన్న గిన్నెకు మొత్తం మీద ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. అందులో చేతితో చేసే పని కొన్ని గంటలే, మిగిలినదంతా నిరీక్షణ.

ఒక ముక్క పోతే?

చిన్న లోపమైతే ముద్దతోనే ఆ ఆకారాన్ని కట్టి, పైన బంగారం వేస్తారు. పెద్దదైతే మరో పాత్ర పెంకును కొలతకు అరగదీసి అతుకుతారు. దీన్ని ‘యొబిత్సుగి’ అంటారు, పిలిచి తెచ్చి అతకడం అన్నమాట. నీలిపూల పింగాణీ ముక్క ఒకటి బూడిదరంగు మట్టిగిన్నె అంచున కూర్చోవడం చూస్తే, నా మటుకు బంగారు గీతల కంటే అదే ఎక్కువ సాహసంగా కనిపిస్తుంది.

ఒక షోగన్ (జపాన్ సైనిక పాలకుడు) గిన్నె విరిగినందువల్ల ఈ కళ పుట్టిందంటారు. నిజమేనా?

కథ ఇది: పదిహేనవ శతాబ్దపు షోగన్ అషికాగా యొషిమసా తన ప్రియమైన చైనా గిన్నె బీటలు వారితే బాగుచేయించమని చైనాకు పంపాడు, అది లోహపు కుట్లతో వికారంగా తిరిగి వచ్చింది, అది నచ్చక జపాన్ పనివారు బంగారు పద్ధతిని కనిపెట్టారు.

ఇందులో గిన్నె నిజం. దాని పేరు ‘బకోహాన్’, పదమూడవ శతాబ్దపు లాంగ్‌చువాన్ పచ్చపింగాణీ. ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. 1727లో ఇతో తోగై అనే పండితుడు దాని చరిత్రను రాసిపెట్టాడు. అందులో ఉన్నది వేరు. యొషిమసా ఆ గిన్నెను మింగ్ చైనాకు పంపి అలాంటిదే మరొకటి కావాలని అడిగించాడు; అంత మంచి గిన్నె ఇప్పుడు దొరకదని వారు దానికే లోహపు కుట్లు వేసి తిప్పి పంపారు. ఆ కుట్లు పెద్ద మిడతల్లా ఉన్నాయని గిన్నెకు ఆ పేరు పెట్టారు, వాటి వల్లే దాని ప్రతిష్ఠ పెరిగింది. ఆ కుట్లు ఈనాటికీ దాని మీదే ఉన్నాయి. ఎవరూ వాటిని పీకి బంగారం పూయలేదు. కనుక అది కిన్‌త్సుగి పుట్టుకకు సాక్ష్యం కాదు. మరమ్మతు గుర్తును దాచకుండా మెచ్చుకునే అభిరుచికి మాత్రం అది మంచి సాక్ష్యం.

ఉరుషితో కుండలు అతకడం అంతకంటే ఎంతో పాతది. చరిత్రకు పూర్వపు జోమోన్ కాలపు మట్టిపాత్రల్లోనే అలాంటి అతుకులు దొరికాయి. ఆ అతుకు మీద బంగారం వేయడం అనే అలవాటు తేనీటి విందు సంస్కారం పెరిగిన పదహారు, పదిహేడు శతాబ్దాల్లో స్థిరపడింది. దానికి ఒక మూలపురుషుడు, ఒక పుట్టినరోజు వెతకడం దండగ.

తేనీటి విందుకూ దీనికీ సంబంధం ఏమిటి?

చానొయు అనే తేనీటి విందులో గిన్నెకు మనుషులకున్నట్టే పేరు, వంశచరిత్ర ఉంటాయి. అతిథి తాగాక గిన్నెను చేతుల్లో తిప్పి చూస్తాడు, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అడుగుతాడు. అలాంటి చోట పగులు కూడా ఆ చరిత్రలో ఒక ఘట్టమే అవుతుంది.

‘త్సుత్సుయిజుత్సు’ అనే కొరియా గిన్నె కథ చూడండి. త్సుత్సుయి జున్‌కెయి అనే ప్రభువు నుంచి అది అప్పటి జపాన్ పాలకుడు తొయొతొమి హిదెయొషికి చేరింది. ఒకనాడు సేవకుడైన కుర్రవాడి చేయి జారి ఐదు ముక్కలయింది. హిదెయొషి కోపానికి అందరూ వణికిపోతుండగా, అక్కడే ఉన్న కవి హొసొకావా యూసాయి ఒక ప్రసిద్ధమైన పాత పద్యాన్ని అనుకరిస్తూ, ఐదైన ఆ గిన్నె తప్పు తన మీద వేసుకుంటానని ఆశువుగా చెప్పాడు. హిదెయొషి నవ్వాడు, కుర్రవాడు బతికాడు. ముక్కలను అతికించారు, ఆ అతుకులు చూసినప్పుడల్లా ఆ పద్యమే గుర్తుకు వచ్చేది.

తేనీటి విందు గురువు సెన్ నొ రిక్యూ (1522–1591) గురించి మరో కథ చెప్పుకుంటారు. సకాయి పట్టణపు రసికుడొకడు తనకు ఎంతో ప్రియమైన తేపొడి జాడీని విందులో రిక్యూ ముందు పెడితే, ఆయన దానివైపు కన్నెత్తి చూడలేదట. అవమానంతో ఆతిథేయి దాన్ని పొయ్యి ముక్కాలిపీట మీద కొట్టి పగలగొట్టాడు. అతిథుల్లో ఒకరు ముక్కలేరుకుని అతికించి, మరో విందులో బయటపెడితే, రిక్యూ ‘ఇప్పుడు బాగుంది’ అన్నాడట. తర్వాత ఆ జాడీని కొన్న ప్రభువు, అతుకులు సరిగా కలవలేదని మళ్ళీ చేయించబోతే, తర్వాతి తరపు తేనీటి గురువు కొబొరి ఎన్‌షూ వారించాడట: ముక్కలు కలవకపోవడమే రిక్యూకు నచ్చింది, అలాగే ఉండనివ్వండి అని.

అతుకు ఎప్పుడూ కనిపించాల్సిందేనా?

అక్కర్లేదు. ఈ విషయం ఓదార్పు వాక్యాలు రాసేవారికి ఇబ్బంది కలిగిస్తుంది కాబట్టి కొంచెం నొక్కి చెబుతున్నాను. ‘త్సుకుమొ నాసు’ అనే వంకాయ ఆకారపు తేపొడి జాడీ ఓడా నొబునగా, హిదెయొషి వంటి పాలకుల చేతుల్లో తిరిగింది. 1615లో ఒసాకా కోట తగలబడినప్పుడు ముక్కలైంది. తొకుగావా ఇయెయసు ఆజ్ఞతో ఉరుషి పనివారైన ఫుజిషిగె తండ్రీకొడుకులు బూడిదలో వెతికి పెంకులు ఏరి దాన్ని తిరిగి నిలబెట్టారు. ఈనాడు చూస్తే ఒక్క అతుకు కూడా కనిపించదు. పైన మెరిసే గ్లేజు నిజానికి ఉరుషి పూతే. లోపలి ముక్కల సంగతి ఎక్స్‌రే తీస్తే తెలిసింది. టోక్యోలోని సెయికాదో మ్యూజియం సంపద అది. దాచడం, చూపించడం రెండూ ఒకే విద్యలోని రెండు మార్గాలు. ఏది ఎంచుకోవాలన్నది పాత్రను బట్టి, యజమాని అభిరుచిని బట్టి ఉండేది.

అయితే దీని తాత్పర్యం ఏమిటి? ‘గాయాలే అందం’ అన్న పాఠం జపాన్‌దేనా?

ఆ పాఠం పూర్తిగా అబద్ధం కాదు, పాత్రలను అతికినవారు దాన్ని బోధించడానికి ఆ పని చేయలేదంతే. వారిని నడిపినవి వేరు భావాలు. మొదటిది ‘మొత్తైనై’, పనికొచ్చే వస్తువును వృథా చేస్తే కలిగే బాధ. రెండవది ‘వబి’, నిరాడంబరమైన దానిలో, లోటు ఉన్నదానిలో రుచి వెతికే దృష్టి. మూడవది వస్తువు మీద కాలం వేసిన ముద్రను గౌరవించడం. ఈ మూడింటినీ కలిపి ఆత్మవిశ్వాస పాఠంగా మార్చింది గత కొన్ని దశాబ్దాల పుస్తకాలు, ప్రసంగాలు.

ఒక తేడా గమనించాలి. పగిలినందువల్ల గిన్నె అందమైనదని తేనీటి గురువులు అనలేదు. ఇష్టమైన గిన్నె పగిలింది, ఇష్టం పోలేదు కాబట్టి అతికారు, అతికిన తీరు బాగుంటే దాన్నీ మెచ్చారు. ప్రతి పగులూ బంగారానికి అర్హం కాదు. ఇళ్ళల్లో రోజూ పగిలే మామూలు గిన్నెలను వారూ పారేసేవారు.

మన ఇళ్ళల్లో పగిలిన పాత్ర అశుభమంటారు కదా?

అవును, మన అలవాటు వేరు. మట్టిపాత్ర మనకు చవక, మైలపడితే మార్చేది. పగిలితే పెంకులు దొడ్లో పడేవి. ఓటికుండ అన్న మాట తెలుగులో తిట్టు కిందే లెక్క. కానీ ఇత్తడి బిందె చిల్లిపడితే మాటు వేయించుకునేవాళ్ళం, కళాయి పోతే పూయించుకునేవాళ్ళం. విలువైన దాన్ని బాగుచేయించుకోవడం ఇక్కడా ఉంది, మరమ్మతును ముచ్చటగా చూపించుకోవడం మాత్రం లేదు. పగిలిన దాన్ని ఇంట్లో ఉంచుకోవడానికి పెద్దలు ఒప్పుకోకపోతే వారితో వాదించేందుకు జపాన్‌ను సాక్షిగా పిలవడం వల్ల ప్రయోజనం ఉంటుందని నేను అనుకోను.

కావాలనే పగలగొట్టి అతికినవారు ఉన్నారా?

ఉన్నారు. పెద్దదైన ఒక కొరియా గిన్నెను తేనీటి గురువు ఫురుతా ఒరిబె శిలువ ఆకారంలో నాలుగుగా కోయించి, కొంత తగ్గించి మళ్ళీ అతికించాడని ప్రతీతి. దాని మారుపేరు ‘జూమొంజి’, అంటే శిలువ గుర్తు. ఈ రోజుల్లో అమ్మకానికని కొత్త కప్పులను సుత్తితో కొట్టి గీతలు పూసేవారూ ఉన్నారు. చరిత్ర లేని పగులుకు చరిత్ర అద్దే ఆ పని నాకు నచ్చదు.

ఆన్‌లైన్‌లో దొరికే కిట్లతో చేయవచ్చా? అందులో తినవచ్చా?

చవక కిట్లలో చాలావరకు ఉండేది ఎపాక్సీ జిగురు, ఇత్తడి పొడి లేదా రంగుల అభ్రకం పొడి. ఒక సాయంత్రంలో పని పూర్తవుతుంది, అలంకరణకు బాగుంటుంది. కానీ వేడి చాయ్ పోయడానికి, పులుపు పెట్టడానికి అవి తగవు. తినడానికి వాడదలిస్తే అసలైన ఉరుషి, అసలైన బంగారమో వెండో ఉండాలి, పూర్తిగా గట్టిపడేందుకు కొన్ని వారాలు ఆగాలి. పెట్టె మీద ‘కొత్త ఉరుషి’ అని ఉన్నంత మాత్రాన అది చెట్టు నుంచి తీసిన అసలు ఉరుషి అనుకోకూడదు. వెండి గీత కాలక్రమంలో నల్లబడుతుంది, దాన్ని ఇష్టపడేవారూ ఉన్నారు.

అతికిన పాత్రను ఎలా వాడుకోవాలి?

మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, లోహం నిప్పురవ్వలు రేపుతుంది. డిష్‌వాషర్, పొయ్యి మంట వద్దు. పీచుతో రుద్దకుండా మెత్తని బట్టతో కడిగి వెంటనే తుడవాలి, నీళ్ళలో నానబెట్టి వదిలేయకూడదు, ఎండలో ఉంచకూడదు.

అసలైన పాత గిన్నెలను ఎక్కడ చూడవచ్చు?

టోక్యోలోని హతకెయామా మ్యూజియంలో ‘సెప్పొ’ అనే ఎర్ర రాకు (చేత్తో మలిచి కాల్చే ఒక రకం) టీ గిన్నె ఉంది. దీన్ని హొన్నామి కొయెత్సు (1558–1637) అనే కళాకారుడు స్వయంగా చేశాడు. ఆవంలోనే బీటలు వారిన గిన్నె అది. పారేయకుండా బీటలను ఉరుషితో పూడ్చి బంగారం వేశారు. సెప్పొ అంటే మంచు శిఖరం; తెల్లని గ్లేజు మంచుగా, బంగారు బీటలు కరిగి దిగే సెలయేళ్ళుగా కనిపిస్తాయి. అమెరికాలో ఉన్న తెలుగువారికి వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీ దగ్గర. అక్కడి సేకరణలో బంగారు అతుకుల టీ గిన్నెలు చాలా ఉన్నాయి, 2008లో వాటి మీద ప్రత్యేక ప్రదర్శన కూడా పెట్టారు. ఇలాంటి వస్తువులను ఏడాది పొడవునా బయట ఉంచరు కాబట్టి, బయలుదేరే ముందు ఏవి ప్రదర్శనలో ఉన్నాయో ఆయా మ్యూజియంల వెబ్‌సైట్‌లో చూసుకోవడం మంచిది.